వెనక ఉన్నదెవరు?

గూఢచారి చిత్రాలు విమర్శకుని దృష్టికి రాదగినవి కావనే అభిప్రాయం మనలో చాలా కాలంగా ఉన్నది. నేలతరగతి వినోదమని వాటిని తోసిపుచ్చడం తేలిక. కాని 1966 నుంచి తరం తరువాత తరం తెలుగు ప్రేక్షకులు ఆదరిస్తూ వచ్చిన చిత్రాలను తోసిపుచ్చడమంటే ఆ ప్రేక్షకులను కూడా తోసిపుచ్చడమే. అది అభ్యుదయవాదులు చేయవలసిన పని కాదు. పైగా ఈ కోవకు తెలుగులో పురుడు పోసిన వారిలో మనవాడొకడున్నాడు. ‘గూఢచారి 116’ చిత్రానికి రచన చేసినది ‘త్వమేవాహం’ కవి ఆరుద్రే.

ఈ వేసవిలో కృష్ణ నటించిన గూఢచారి చిత్రాలలో ముఖ్యమైన వాటిని విడుదలైన వరుసలోనే చూశాను. ‘గూఢచారి 116’ (1966), ‘జేమ్స్ బాండ్ 777’ (1971), ‘ఏజెంట్ గోపి’ (1978), ‘రహస్య గూఢచారి’ (1981), ‘గూఢచారి 117’ (1989). వాటి పక్కనే ‘డాక్టర్ నో’ (1962) మొదలు ‘నో టైమ్ టు డై’ (2021) వరకు ఇరవై అయిదు బాండ్ చిత్రాలూ చూశాను. మన 116 వెనక బాండే కాదు, ఓఎస్ఎస్ 117 అనే ఫ్రెంచి గూఢచారి కూడా ఉన్నాడు. ఫ్లెమింగ్ బాండ్‌ను సృష్టించడానికి కొన్నేళ్ల ముందే, 1949లో పుట్టినవాడతడు. అతని అంకెకు ఒకటి తగ్గించి మొదలుపెట్టిన మనవాళ్లు ఆ అంకెను చేరడానికి ఇరవై మూడేళ్లు పట్టింది!

విడివిడిగా చూసినప్పుడు కనిపించని సంగతి వరుసగా చూసినప్పుడు కనిపిస్తుంది. కార్లు మారతాయి, తుపాకులు మారతాయి, నాయిక దుస్తులు మారతాయి. మారనిది ఒకే ప్రశ్న: దీని వెనక ఉన్నదెవరు? ‘116’లో తోటి గూఢచారి 303 హతుడవుతాడు. ఎవరు చంపించారని వెతుక్కుంటూ పోతే నాయిక తండ్రి తేలతాడు, అతని వెనక మరొకడు. ఆఖరివాడు దొరికితే లోకం మళ్లీ చల్లబడుతుంది. కథ నడిపే యంత్రంగా ఇది పనికివచ్చేదే. అయితే చూడగా చూడగా ఆ యంత్రమే మన ఆలోచన అయికూర్చుంటుంది.

మా తరగతిలోకి గుడివాడ వైపు నుంచీ దివిసీమ నుంచీ బస్సుల మీద వచ్చే పిల్లలున్నారు. శివారు భూములకు కాలవ నీరు ఎందుకు అందడం లేదని ఒకనాడు చర్చ వచ్చింది. “వెనక ఎవరో ఉన్నారండీ” అన్నారు చాలామంది. ఎగువ లాకుల దగ్గర పలుకుబడి గలవాడు ఉండడని నేననను. కాని పూడిక, గుర్రపుడెక్క, నదికి ఎగువన ఆనకట్టలు, నీరు లేని ఏడు కూడా కౌలు చెల్లించవలసిన ఏర్పాటు, ఇవి ఏ ఒక్కడి పేరుకూ లొంగవు. ముఖం లేని కారణాన్ని చూడగల కన్ను ఈ చిత్రాలవల్ల మొద్దుబారుతున్నదనేదే నా అభియోగం.

1977 సంవత్సరాన్నే చూడండి. ఆ ఏడాది వచ్చిన ‘ది స్పై హూ లవ్డ్ మీ’లో స్ట్రాంబర్గ్ అనే ఓడల యజమాని అణుయుద్ధంతో మానవజాతిని తుదముట్టించి సముద్రగర్భంలో కొత్త లోకం కట్టాలనుకుంటాడు. బాండ్ అతన్ని కాల్చివేస్తాడు, సముద్రం తన చోట తానుంటుంది. అదే ఏడాది నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రం నిజంగానే వచ్చింది. సొర్లగొంది వంటి పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పదివేలకు తక్కువ కారని లెక్క. బందరు 1864లోనే ఇటువంటి ఉప్పెనను చూసింది. అంటే నూటపదమూడేళ్ల ఎడం దొరికింది. అయినా సముద్రపుటంచున పూరిపాకలే ఉన్నాయి, తలదాచుకునేందుకు ఎత్తయిన కట్టడాలు లేవు. పోయినవారిలో బెస్తలు, కూలీలు ఎక్కువ కావడం యాదృచ్ఛికం కాదు. కాల్చివేయడానికి ఇక్కడ స్ట్రాంబర్గ్ లేడు. మరుసటి ఏడు వచ్చిన ‘ఏజెంట్ గోపి’లో ఉప్పెన లేదని నేను నిందించడం లేదు, ఏ చిత్రమూ అన్నీ చెప్పనక్కరలేదు. అటువంటి చావును పట్టుకోగల అర ఈ ప్రక్రియలోనే లేదని మాత్రం అంటున్నాను.

మరి కుట్రలు లేవా అని మిత్రులు అడగవచ్చు. ఉన్నాయి. 1953లో ఇరాన్‌లో చమురును జాతీయం చేసిన మొసాద్దెక్‌ను కూలదోసినది కుట్రే. అయితే ఆ కుట్ర పన్నినవారు బాండ్ జట్టువారూ వారి అమెరికన్ మిత్రులూ. అది మాత్రం ఈ ఇరవై అయిదింటిలో ఒక్క చిత్రానికీ వస్తువు కాలేదు. ఫ్లెమింగ్ నవలలో సోవియట్ సంస్థగా ఉన్న శత్రువును ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ (1963) చిత్రంలో ‘స్పెక్టర్’ అనే ప్రైవేటు ముఠాగా మార్చారు. అక్కడినుంచి ప్రతినాయకుడు చాలాసార్లు బంగారమో, ఓడలో, పత్రికలో చేతిలో ఉన్న కోటీశ్వరుడే. పెట్టుబడిని ఇంతగా విలన్‌ని చేసి, ఇంతగా కాపాడిన చిత్రాలు మరి లేవేమో! ఒక్క దుష్టుడు చస్తే తక్కిన యజమానులందరూ నిర్దోషులవుతారు.

వీటన్నిటిలో గీత దాటబోయి ఆగిపోయినది ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ (2008). అందులో కుట్ర బొలీవియా నీటి మీద. ఎండిపోయిన కుళాయి చుట్టూ చేరిన పల్లెజనం కొద్ది క్షణాలు కనిపిస్తారు. డెల్టా ప్రేక్షకుడు ఉలిక్కిపడవలసిన ఘట్టమది. కాని మళ్లీ ఒక్కణ్ణి చంపడంతో పని ముగుస్తుంది. అసలు బొలీవియాలో, కొచబాంబా పట్టణంలో, 2000 సంవత్సరంలో నీటిని ప్రైవేటు కంపెనీకి అప్పగిస్తే జనమే వీధుల్లోకి వచ్చి ఒప్పందం రద్దు చేయించారు. గూఢచారి అవసరం పడలేదు.

2018లో అడివి శేష్ ‘గూఢచారి’ వచ్చింది. నాయకుడు మళ్లీ గోపి, అంకె మళ్లీ 116. పనితనం మెచ్చదగినదే, పాతవాటిలోని కృత్రిమత్వం బాగా తగ్గింది. కాని వరుసలో పెట్టి చూడండి. 1966లో కుట్రదారు నాయిక ఇంట్లో ఉన్నాడు, 2018లో నాయకుని సొంత తండ్రే అయ్యాడు. దేశసమస్య కుటుంబకథగా కుదించుకుపోయింది. గూఢచార సంస్థ తన మనిషినే ద్రోహిగా భావించి వేటాడుతుంది, అయినా సంస్థ మీద నాయకునికి అనుమానం రాదు.

ఈ చిత్రాలు చూడవద్దని విద్యార్థులకు నేను చెప్పబోను. ‘గూఢచారి 116’నూ ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’నూ ఒకే వారంలో చూసి, రెండింటిలో సామాన్యజనం ఎన్ని నిమిషాలు కనిపించారో, ఏం మాట్లాడారో రాసుకురమ్మంటాను.