గాలి లెక్కల మాస్టారు

విమానం నడిపేవాళ్లను అందరూ మెచ్చుకుంటారు. గ్రౌండ్ క్లాసులో వాళ్లకు గాలి లెక్కలు నేర్పిన మాస్టారెవరో ఎవరూ అడగరు. నాకు మాత్రం ఆ పనే ముచ్చటేస్తుంది.

బేగంపేట రన్‌వే ఒక చివర 27 అని ఉంటుంది. అంటే 270 డిగ్రీలు, పడమర ముఖం. గాలి 300 డిగ్రీల వైపు నుంచి 20 నాట్లతో వీస్తోందనుకోండి. తేడా 30. కుర్రాళ్లు సైన్ టేబుల్ కోసం తడుముకుంటుంటే మాస్టారు చేతి గడియారం చూపిస్తారు: 15 అయితే పావు, 30కి సగం, 45కి ముప్పావు. సగమంటే పక్కగాలి 10 నాట్లు. సెస్నా 172ను తయారీదారు పరీక్షించి చూపింది 15 నాట్ల దాకా. దిగొచ్చు, చేయి తిరిగినవాడైతే.

అసలు పనితనం క్యాబిన్ ప్రెషర్ దగ్గర తెలుస్తుంది. "పైన ఆక్సిజన్ శాతం తక్కువ కదా సార్" అని ఎవడో ఒకడు అననే అంటాడు. శాతం అక్కడా ఇరవై ఒకటే, తగ్గేది ఒత్తిడి. అందుకే 35,000 అడుగుల్లో ఎగురుతున్నా, లోపలి ఒత్తిడిని సుమారు 8,000 అడుగుల ఎత్తులో ఉండేదానికంటే తగ్గనివ్వరు. నమ్మకపోతే పైన మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాను దిగాక చూసుకోవాలి, సొట్టలు పడి ఉంటుంది.

2005లో గ్రీస్‌లో కూలిన హీలియోస్ 522 విమానంలో ప్రెషర్ స్విచ్ ఆటోకు బదులు మాన్యువల్‌లో ఉండిపోయింది. 121 మంది పోయారు. అది చెప్పాక మాస్టారు ఒక్కొక్కర్నీ లేపి చెక్‌లిస్ట్ చదివిస్తారు. విసుక్కున్నవాడి చేత మళ్లీ మొదటినుంచి.