నాలుగు రంగుల మనుషులు

ఈసారి ఒక కాగితాన్ని సమీక్షించదలచాను. అది కావ్యం కాదు, నవలా కాదు. దాని మీద రచయిత పేరు కూడా లేదు. అయినా ఈనాడు ఆఫీసుల్లోనూ కళాశాలల్లోనూ చదువుకున్నవాళ్లు నవలకంటే శ్రద్ధగా చదువుతున్న రచన అది. చదివి, ఇది నా గురించే రాశారని నమ్ముతున్నారు. పాఠకుణ్ణి ఇంతగా నమ్మించగలిగిన రచనను విమర్శకుడు ఉపేక్షించడానికి వీల్లేదు.

ఆ కాగితం "ఆలోచనా సరళి" పరీక్ష ఫలితం. పోయిన విద్యాసంవత్సరంలో మా కళాశాలలో అధ్యాపకులకు రెండు రోజుల శిక్షణ జరిగింది. ప్రశ్నావళి ఇచ్చారు, నింపాము. మధ్యాహ్నానికి ఒక్కొక్కరికీ ఒక రంగు వచ్చింది. తర్కించేవాడు నీలం, పద్ధతిగా పనిచేసేవాడు ఆకుపచ్చ, మనుషులతో కలిసిపోయేవాడు ఎరుపు, కొత్తవి ఊహించేవాడు పసుపు. ఆ తర్వాత శిక్షకుడు లేచి, "ఇప్పుడు మీ ఫలితాలను తోటివారితో పంచుకోండి, ఇందులో దాచుకోవలసిందేమీ లేదు" అన్నాడు. ప్రిన్సిపాలుగారు ముందు వరుసలోనే కూర్చుని ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరం లేచి చెప్పాం. నాది పసుపు. చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం ధ్వనించిందని ఒప్పుకోవాలి.

ఈ నాలుగు రంగుల పథకానికి మూలపురుషుడు నెడ్ హెర్మన్. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో మేనేజర్ల శిక్షణ చూసినవాడు. మెదడు రెండు అర్ధభాగాలను వేరుచేసిన రోగులపై రోజర్ స్పెర్రీ చేసిన పరిశోధనలు అతనికి ప్రేరణ. స్పెర్రీకి 1981లో నోబెల్ బహుమతి వచ్చింది. కాని శస్త్రచికిత్స జరిగిన ఆ కొద్దిమంది రోగుల మీద తేలిన సత్యానికీ, రిజిస్టరు సరిగా రాసే గుమాస్తా మెదడుకూ మధ్య ఉన్న దూరం చాలా పెద్దది. 2013లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వారు వెయ్యిమందికి పైగా మెదడు చిత్రాలను పరిశీలించారు. మొత్తం మీద ఎడమ మెదడు మనిషి అనీ కుడి మెదడు మనిషి అనీ విడదీయడానికి వాటిలో ఆధారం కనబడలేదు.

మరి కాగితం చదివితే "అచ్చం నేనే" అనిపిస్తుందేం? బెర్ట్రం ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1948లో తన విద్యార్థులు 39 మందికి ఒక పరీక్ష పెట్టి, ఎవరి వ్యక్తిత్వ వర్ణన వారికి అందజేశాడు. అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారని అడిగితే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే వర్ణన! దానిలోని వాక్యాలు చాలా వరకు జ్యోతిష్యం పుస్తకంలోనివి. మన వారఫలాల రచయితలకు ఈ సంగతి ఏనాడో తెలుసు.

ఇంత చెప్పినా, ఈ వ్యవహారంలో మేలు బొత్తిగా లేదనను. టైంటేబులు విషయంలో ఏళ్ల తరబడి తగాదా పడుతున్న ఇద్దరు మిత్రులు ఆ రోజు నవ్వుకున్నారు. ఒకరికి ముందు వివరాలు కావాలి, ఇంకొకరికి ముందు ఉద్దేశం తెలియాలి. ఆ సంగతి ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోగలిగారు. అయితే ఆ ఇద్దరూ సమానులు. ఇద్దరివీ పర్మినెంటు ఉద్యోగాలు. అక్కడ పంచుకోవడమనే మాటకు అర్థం ఉన్నది.

మాలో ఒక కాంట్రాక్టు అధ్యాపకురాలు ఉన్నారు. ఆమెది ఆకుపచ్చ. నెల తిరగకముందే నాక్ ఫైళ్లు, హాజరు పట్టీలు, పరీక్షల విభాగం లెక్కలు ఆమె బల్ల మీదికి చేరాయి. "మేడంకి ఇది సహజంగా వచ్చే పని" అన్నారు పైవారు. పసుపు కనుక నాకు సాహిత్య సభల బాధ్యత వచ్చింది. సంతోషంగా తీసుకున్నాను. ఒకనాడు స్టాఫ్‌రూమ్‌లో ఆమెతో, "మీకు ఈ పద్ధతి ఎలా అలవడింది మేడం?" అన్నాను. ఆమె తల ఎత్తలేదు. "పనులు గడువులోగా పూర్తిచేస్తారా అని అడిగారు సార్. అవునని రాశాను. చెయ్యకపోతే వచ్చే ఏడు రెన్యూవల్ చెయ్యరు గదా" అన్నారు.

అంటే ఆ కాగితం వర్ణించినది ఆమె మెదడును కాదు, ఆమె ఉద్యోగ షరతులను. పరిస్థితిని స్వభావంగా చూపించి, ఆ స్వభావాన్ని సాకుగా పెట్టుకొని మళ్లీ అదే పరిస్థితిలోకి ఆమెను నెట్టారు. నా పసుపు సంగతీ అంతే. నెలజీతానికి భయం లేనివాడికి ఊహలు చేయడానికి తీరిక ఉంటుంది.

మన ఆలంకారికులు కూడా నాయకులను నాలుగు రకాలుగానే విభజించారు: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. (సంఖ్య కలవడం కేవలం కాకతాళీయం.) కాని హాజరు పట్టీ ఎవరు రాయాలో తేల్చడానికి వారు ఆ విభజనను వాడలేదు. ఎంగెల్సు 1888లో మార్గరెట్ హార్క్‌నెస్‌కు రాసిన లేఖలో వాస్తవికతకు ప్రతినిధి పాత్రలు మాత్రమే చాలవనీ, ఆ పాత్రలను నడిపించే పరిస్థితులు కూడా ప్రాతినిధ్యం వహించేవిగా ఉండాలనీ సూచించాడు. మనం క్లాసులో ఏటా చెప్పే పాఠమే ఇది. మూసపాత్రకూ ప్రతినిధి పాత్రకూ భేదం అక్కడే ఉన్నది. ఈ కాగితం పరిస్థితులన్నిటినీ చెరిపివేసి పాత్రను మాత్రం మిగులుస్తుంది. కనుక రచనగా ఇది విఫలం.

1909 నాటి "కన్యాశుల్కం"లోని మధురవాణిని ఈ ప్రశ్నావళి ముందు కూర్చోబెట్టండి. రామప్పపంతులు ఇంట్లో ఆమె ఆలోచించే తీరు వేరు, సౌజన్యారావు పంతులు ఎదుట వేరు. ఏది ఆమె రంగు? ఎదుటివాడి చేతిలో ఏ అధికారం ఉన్నదో గ్రహించి ఆలోచించడమే ఆమె తెలివి. దానికి ఏ పెట్టె చాలుతుంది? ఇక గిరీశం మాట చెప్పనక్కరలేదు. ఏ రంగుకు గిరాకీ ఉన్నదో ముందే వాకబు చేసి ఆ రంగుతోనే బయటపడతాడు. ఈ విద్యను అమెరికాలో విలియం వైట్ 1956లోనే బాహాటంగా బోధించాడు. "ది ఆర్గనైజేషన్ మాన్" అనే గ్రంథం చివర, వ్యక్తిత్వ పరీక్షల్లో మోసం చేయడం ఎలాగో ఒక అనుబంధమే రాశాడు. పరీక్ష పెట్టేవాడికి హక్కు లేనిచోట నిజం చెప్పవలసిన బాధ్యత ఉద్యోగికీ లేదని అతని వాదనగా నేను గ్రహించాను.

ఫలితాలు గోప్యంగా ఉండాలనీ, ఇష్టమైతేనే చెప్పాలనీ ఇటువంటి పరీక్షలను రూపొందించినవారిలో కొందరే నియమాలు పెట్టుకున్నారు. కాని ప్రిన్సిపాలుగారు ముందు వరుసలో ఉండగా "నాకు ఇష్టం లేదు" అనగలిగినవాళ్లు ఆ హాలులో ఎంతమంది? నేను అనగలను. అనలేదు. నేను అని ఉంటే, నా తర్వాత లేవవలసిన ఆమెకు కూర్చునే వీలు కలిగేది.

ఈ ఏడు మళ్లీ శిక్షణ జరిగింది. అదే ప్రశ్నావళి. ఆమె కాగితం ఈసారి పసుపు వచ్చింది. పైవారు చూసి, "మంచిదే మేడం, పట్టీలు మాత్రం మీ దగ్గరే ఉంచండి. మీకు అలవాటైన పని కదా" అన్నారు.