వగరు ఎరిగిన నాలుక

ఫ్రాన్స్‌లో బర్గండీ ప్రాంతపు బోన్ పట్టణంలో ఒక వైన్ వ్యాపారి నేలమాళిగ. పైన జూన్ ఎండ. మెట్లు దిగాక శాలువా తెచ్చుకోవాల్సింది అనిపించే చలి. రాతిగోడల మీద నల్లటి బూజు, వరసగా ఓక్ పీపాలు, కాళ్ల కింద గులకరాళ్లు. మమ్మల్ని కిందికి తీసుకెళ్లిన పెద్దాయన గ్లాసుల్లో రెండేసి గుక్కల వైన్ పోసి చెప్పిన మొదటి మాట: "మింగొద్దు, ఉమ్మెయ్యండి." ఎక్కడ అంటే, ఆ గులకరాళ్లలోకే. నాకు ప్రాణం ఒప్పలేదు. ఇంత దూరం వచ్చి, డబ్బు కట్టి, ఉమ్మడమా? మొదటి ఐదూ మింగేశాను. ఆ తర్వాతవన్నీ ఒకేలా అనిపించాయి. రాత్రి గదికి వచ్చి నోట్‌బుక్ తీస్తే చివరి మూడు వైన్లకీ "బాగుంది" అనే ఉంది. మూడోసారికి అక్షరాలు కూడా వంకర పోయాయి.

మర్నాడు మళ్లీ వెళ్లి బుద్ధిగా ఉమ్మాను. తాగుడికీ ఈ విద్యకీ ఉన్న తేడా ఆ ఉమ్మడంలోనే ఉంది. తెలుగులో మద్యం చుట్టూ తిరిగే మాటలు ఒకసారి తలుచుకోండి: మత్తు, నిషా, కిక్కు, ఎక్కడం, దిగడం. అన్నీ గొంతు దిగాక జరిగేవే. నోట్లో ఉన్న నాలుగు క్షణాలకి ఒక్క మాటా లేదు. అవసరం రాలేదేమో. మనకి చాలాకాలం మద్యమంటే సారా, సారా అంటే ఇంటికి చేరని కూలిడబ్బు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ నేల నుంచి వచ్చి వైన్ రుచి గురించి తీరిగ్గా రాస్తే కొందరికి మింగుడు పడకపోవచ్చు. నేను రాస్తున్నది మింగని సంగతి గురించే.

పద్ధతి బ్రహ్మవిద్యేం కాదు. గ్లాసులో మూడోవంతుకి మించి పోయకూడదు. తెల్లగుడ్డ మీదికి వంచి రంగు చూడాలి, ముఖ్యంగా అంచు దగ్గర. రెడ్ వైన్ వయసు పైబడేకొద్దీ వెలిసి, ఊదా నుంచి కెంపుకీ, కెంపు నుంచి ఇటుకరంగుకీ దిగుతుంది. వైట్ వైన్‌ది ఎదురుదారి, ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి బంగారు రంగు తిరుగుతుంది. తర్వాత గ్లాసు కదపకుండా ఒకసారి, గుండ్రంగా తిప్పి ఒకసారి వాసన చూడాలి. తిప్పినప్పుడు వైన్ గ్లాసు గోడలకి పల్చగా పాకి వాసనలు లేస్తాయి, పైకి సన్నబడ్డ మూతి వాటిని పట్టి ఉంచుతుంది. నోరు వెడల్పున్న మన స్టీలు గ్లాసు ఇక్కడ పనికిరాదు. ఆఖర్న ఒక గుక్క నోట్లో పోసుకుని, పెదాల సందులోంచి కాస్త గాలి లోపలికి పీల్చాలి. సాసర్లో పోసుకున్న వేడి టీ జుర్రుతామే, అచ్చం ఆ చప్పుడే. నలుగురి మధ్య ఆ చప్పుడు చెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆ గాలి వైన్ వాసనని అంగిలి వెనకనుంచి ముక్కులోకి తోస్తుంది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం ఈ దొడ్డిదారిన వచ్చే వాసనే. జలుబు చేసినప్పుడు ఉలవచారు ఉప్పునీళ్లలా ఉండేది అందుకే.

ఆ రెండోరోజు పెద్దాయన రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాడు. ఒకటి వోల్నే, రెండోది పొమార్. రెండూ ఇరుగుపొరుగు ఊళ్లు, పొలిమేర కలుస్తుంది. ద్రాక్ష ఒకటే, పినో న్వార్. చేసిన చెయ్యి ఒకటే, పంట ఏడాదీ ఒకటే. వోల్నే చెర్రీపండు వాసనతో నోట్లోకి వచ్చి, ఎక్కడా తగులుకోకుండా వెళ్లిపోయింది. పొమార్ రెండు క్షణాలు ఊరుకుంది. ఆ తర్వాత నాలుకని పట్టేసింది. చిగుళ్లు బిగిశాయి, బుగ్గల లోపలివైపు గరుకు తేలింది. పెద్దాయన దానికి ఇంగ్లీషులో మాట కోసం వెతుక్కుంటున్నాడు. డ్రై అన్నాడు, కాదు కాదని స్ట్రాంగ్ అన్నాడు, అదీ నచ్చక వేళ్లు ముడిచి పిడికిలి చూపించాడు. నాకు వెతుక్కునే పనే లేదు. వగరు.

వైన్ పుస్తకాల్లో పేజీలకి పేజీలు ఆక్రమించే ఈ సంగతిని మనవాళ్లు షడ్రుచుల్లో ఒకటిగా లెక్కగట్టి, ఏటా ఉగాది పచ్చడిలో కలిపి పిల్లల నాలుక మీద పెడతారు. ఇంగ్లీషులో దీనికి ఇంట్లో పిల్లాడు కూడా వాడే మాట లేదు, పండితుల మాట ఉంది. ద్రాక్ష తొక్కలో, గింజలో, కాడలో టానిన్ ఉంటుంది. రెడ్ వైన్ తొక్కలతో కలిపి పులియబెడతారు కాబట్టి అది రసంలోకి దిగుతుంది. నోట్లోకి వచ్చాక లాలాజలంలోని ప్రోటీన్లని పట్టుకుని ముద్దకట్టిస్తుంది. జారుడు పోతుంది, గరుకు మిగులుతుంది. నేరేడుపళ్లు తిన్నాక నాలుక మందమెక్కేది ఇందుకే. టానిన్ అన్న పేరు తోళ్లు ఊనే పని నుంచి వచ్చింది, మన దగ్గర ఆ పనికి తంగేడు చెక్క వాడేవారు. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు రంగు వెయ్యబోయే ముందు గుడ్డని కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచేదీ ఈ గుణం కోసమే. ఆ కరక్కాయ టానినే ఇనపనీళ్లు తగలగానే నల్లటి గీత అవుతుంది. టీలో పాలు పోస్తే వగరు తగ్గేదీ ఇదే లెక్కన: పాలలోని ప్రోటీన్ టానిన్‌ని ముందే పట్టేసుకుంటుంది. బోర్డోలో కాబర్నే సోవిన్యాన్ ద్రాక్షతో చేసే గట్టి వైన్లని మాంసంతో, చీజ్‌తో కలిపి తీసుకునేదీ అందుకే, గొప్పకి కాదు.

నోట్లో పెట్టుకోగానే రసం ఊరే కవిత్వాన్ని మన ఆలంకారికులు ద్రాక్షాపాకం అన్నారు, పీచు తీసి చిప్ప పగలగొడితే గాని అందనిది నారికేళపాకం. వాళ్ల ముందున్నది తినే ద్రాక్ష. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు విరగకాసిన అనాబ్-ఎ-షాహీ లాంటిది: పెద్దకాయ, పల్చటి తొక్క, నిండా నీరు. వైన్ ద్రాక్ష చిన్నది. తొక్క మందం, గింజలు ఎక్కువ, చక్కెరా ఎక్కువే. కొత్తగా సీసాకెత్తిన పొమార్ ఏ లెక్కన చూసినా కొబ్బరికాయే.

మరి పక్క ఊరి వోల్నే అలా ఎందుకు లేదు? పొమార్ నేలలో బంకమన్ను, ఇనుము ఎక్కువ. అక్కడ రుజియాన్ అనే చేను పేరే ఎర్రమట్టి మీద వచ్చింది. వోల్నే వైపు సున్నపురాయి పాలు ఎక్కువ. మట్టి రుచి వేర్లలోంచి నేరుగా గ్లాసులోకి వస్తుందని కొందరు కవిత్వం చెబుతారు, నేను నమ్మను. నీరు ఎంత త్వరగా ఇంకుతుంది, నేల ఎంత వేడెక్కుతుంది, తీగ ఎంత కష్టపడుతుంది అన్నదే పండుని మారుస్తుంది. ఆ తేడాని ముందుగా పట్టుకుని గట్లు వేసినవాళ్లలో సన్యాసులున్నారు. 1098లో సీతో మఠం పెట్టిన సిస్టర్షియన్లు వూజో దగ్గర చేనుకి రాతిగోడ కట్టారు. క్లో ద వూజో అనే ఆ చేను ఇప్పటికీ ఆ గోడ మధ్యే ఉంది. ఫ్రెంచి విప్లవంలో మఠాల భూములు పోయి, వారసత్వ చట్టంతో ముక్కలు ముక్కలై, ఇవాళ ఆ 50 హెక్టార్లకి 80 మంది దాకా యజమానులు. ఒక్కొక్కరికి కొన్ని వరసలు. దిజోన్ నుంచి దక్షిణంగా సాగే ఆ సన్నటి వాలులో ఇలా పేరున్న చేలు 1,247. క్లిమా అంటారు. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు చాలాముందే, 1395లో, బర్గండీ ప్రభువు ఫిలిప్ గమే అనే ద్రాక్ష మీద మండిపడి దాన్ని పీకిపారెయ్యమని ఆజ్ఞ వేశాడు. విరివిగా కాస్తుంది, రుచి నాసిరకం అని ఆయన అభియోగం. గమే దక్షిణంగా బొజొలేలో ఇప్పటికీ దర్జాగా కాస్తోంది.

ఇదంతా ఫ్రెంచివాళ్ల పిచ్చి అనిపిస్తే మామిడిపండుని తలుచుకోవాలి. మా నాన్న నూజివీడు రసాన్ని తొడిమ దగ్గర ముక్కుపెట్టి చూసి, కాలవ పక్క తోటదా, మెట్ట తోటదా చెప్పేవారు. చాలాసార్లు నిజమయ్యేది. తప్పితే కోసినవాడిది తప్పు.

పులుపుకీ మనకి పాఠం అక్కర్లేదు. వగరు నోటిని ఎండగడుతుంది, పులుపు ఊరిస్తుంది. ఉమ్మాక నాలుక పక్కల నీరు ఎంతసేపు ఊరుతుందో చూస్తే చాలు. చలిదేశంలో ద్రాక్ష మెల్లగా పండి పులుపు నిలుపుకుంటుంది, వేడిలో చక్కెర ఎగబాకి పులుపు దిగిపోతుంది. జర్మనీ మోసెల్ నది ఒడ్డున, మనిషి నిలబడ్డానికే భయపడే పలకరాతి వాలుల మీద రీస్లింగ్ పండిస్తారు. అక్కడి తీపి రీస్లింగ్‌లలో కొన్నిట్లో ఆల్కహాల్ 8 శాతమే. పులుపు పదునుగా ఉంటుంది, దాని వెనక తీపి. పులుసులో బెల్లం ముక్క ఎందుకు వేస్తామో తెలిసినవాళ్లకి అది ఒక్క గుక్కలో అర్థమవుతుంది. నాసిక్‌లో లెక్క తలకిందులు. వానల్లో కాపు రాకుండా కత్తిరింపులు సర్ది, చలికాలం రాత్రుల్లో పండనిచ్చి, జనవరి నుంచి మార్చిలోపు కోస్తారు.

మనం తడబడేది వాసనల దగ్గర. వైన్ పుస్తకం తెరిస్తే బ్లాక్‌కరంట్, గూస్‌బెర్రీ. మనం ముట్టుకోనైనా లేని పళ్లు. వాటిని బట్టీపట్టి వల్లించేవాళ్లని హైదరాబాద్ హోటళ్లలో చూశాను, జాలేసింది. 1984 ప్రాంతంలో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయంలో ఆన్ నోబుల్ అనే శాస్త్రవేత్త వైన్ వాసనలని ఒక చక్రంలో సర్దింది. అందమైన, గొప్ప అన్న మాటలు తీసేసి, అందరూ వంటింట్లో పోల్చుకోగల పేర్లే పెట్టడం ఆమె చేసిన మేలు. ఆ వంటిల్లు కాలిఫోర్నియాది, అంతే. ఈ పోలికలు వట్టి ఊహలనుకోవద్దు. షిరాజ్ వైన్లో మిరియాల ఘాటు ఉందంటే, మిరియాల్లో ఉండే రోటండోన్ అనే పదార్థమే అందులోనూ ఉంది. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో తేల్చారు. గెవుర్ట్స్‌ట్రమినర్ ద్రాక్షకీ లిచీపండుకీ వాసన ఇచ్చేది ఒకటే. లవంగం వాసన ఓక్ పీపా నుంచి వస్తుంది. కాబట్టి పేరు ఏ భాషలో పెట్టినా మోసం కాదు. పాత బర్గండీ వైన్లో అక్కడివాళ్లు అడవి అడుగు అనేదాన్ని నేను వాన వెలిశాక మామిడితోటలో మగ్గిన ఆకు అని రాసుకున్నాను. మా అమ్మమ్మ వక్కల డబ్బా అని ఒక బోర్డో పక్కన ఉంది.

నాలుక మోసపోదా అంటే, హాయిగా మోసపోతుంది. 2001లో బోర్డోలో ఫ్రెడెరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైట్ వైన్‌కి వాసన లేని ఎర్రరంగు కలిపి 54 మంది విద్యార్థులకిస్తే, దాన్ని రెడ్ వైన్ మాటలతోనే వర్ణించారు. దీన్ని చూపించి ఇదంతా బూటకం అనేవాళ్లున్నారు. నాకు అందులో కనిపించింది ఒకటే: కంటిని నమ్మి ముక్కుని వదిలేస్తే ఇలాగే అవుతుంది. 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ పేర్లు దాచి పోటీ పెట్టినప్పుడు, ఫ్రెంచి న్యాయనిర్ణేతలే కాలిఫోర్నియా వైన్లకి రెండు విభాగాల్లోనూ మొదటి స్థానం ఇచ్చారు. పేర్లు కనిపిస్తే ఇచ్చేవారా? అందుకే ఇంట్లో నలుగురం కూర్చుంటే సీసాలకి న్యూస్‌పేపర్ చుట్టేస్తాం. ధర తెలిసినవాడు నోరు మూసుకోవాలి.

గది వేడిలో రెడ్ వైన్ అంటారు. ఆ గది యూరప్‌ది, పదహారు పద్దెనిమిది డిగ్రీలది. మన మే నెలలో రెడ్ వైన్‌ని కూడా అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే, లేకపోతే ఆల్కహాల్ ఒక్కటే ముక్కుకి కొడుతుంది. ఇక గోంగూర మాంసంతో గట్టి కాబర్నే పెట్టి ఒకసారి చేతులు కాల్చుకున్నాను. కారం మంటని ఆల్కహాల్ ఎగదోసింది, పైన వగరు తోడై రెండూ పాడయ్యాయి. కాస్త తీపి, మంచి పులుపు ఉన్న రీస్లింగ్ అయితే ఆ గోంగూరకి సర్దుకుంటుంది.

మొన్న సంక్రాంతికి మా అన్నయ్య ఇంట్లో నాసిక్ సోవిన్యాన్ బ్లాంక్ ఒకటి తీశాం. తిప్పి, జుర్రి, నోట్‌బుక్‌లో నేను "సిట్రస్, తాజా" అని రాశాను. అన్నయ్య తలూపాడు. వదిన చుక్క ముట్టదు, మా చప్పుళ్లకి విసుక్కుంటూ టీవీ చూసింది. రాత్రి ఖాళీ గ్లాసులు సింక్‌లో పెట్టబోతూ ఆగి, ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఈ గ్లాసులో జామకాయ ముక్కలెవరు వేశారు?" అని కేకేసింది. నేను వెళ్లి వాసన చూశాను. సిట్రస్ కొట్టేశాను.