ఎక్కడ ఆగిందో ముందు చూడండి

'ప్రోగ్రామ్ రన్ అవ్వడం లేదు' అనే ఒక్క ఫిర్యాదులో నాలుగైదు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉంటాయి. లినక్స్ మీద సీ నేర్చుకునేవాళ్లకు మొదట నేర్పాల్సింది వాటిని విడదీయడమేనని నా నమ్మకం. జీసీసీ కమాండ్ ఇస్తే పైకి ఒక్క పనే జరిగినట్టు కనిపిస్తుంది గానీ, లోపల ప్రీప్రాసెసింగ్, కంపైలింగ్, అసెంబ్లింగ్, లింకింగ్ వరసగా సాగుతాయి. ఆ తర్వాత నడిపించే బాధ్యత షెల్‌ది, కెర్నెల్‌ది. మన కాలేజీల్లో టర్బో సీ అలవాటైనవాళ్లు కోనియో డాట్ హెచ్ రాస్తే మొదటి దశలోనే 'నో సచ్ ఫైల్' అని ఆగుతుంది. కంపైల్ అంతా సజావుగా అయ్యాక, ఏ డాట్ అవుట్ అని కొడితే వచ్చే 'కమాండ్ నాట్ ఫౌండ్' మాత్రం షెల్ మాట. ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ షెల్ వెతికే పాత్‌లో లేదు కాబట్టి పేరుకు ముందు చుక్క, స్లాష్ పెట్టాలి. కోడ్ ఎంత దిద్దినా ఇది తీరదు.

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది లింకర్. ఎస్‌క్యూఆర్‌టీకి నేరుగా 2.0 ఇస్తే ప్రోగ్రామ్ చక్కగా నడుస్తుంది. అదే విలువను వాడేవాడి నుంచి తీసుకుంటే చాలా లినక్స్ మెషీన్లలో 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' వస్తుంది. మొదటిదాని జవాబు జీసీసీ కంపైల్ చేసేటప్పుడే లెక్కకట్టేసింది, రెండోదానికి లైబ్రరీ కావాలి. మ్యాథ్ డాట్ హెచ్ పెట్టాం కదా అని చాలామంది ఆ లైన్‌నే పదేపదే చూసుకుంటారు. హెడర్‌లో ఉండేది ఫంక్షన్ ప్రకటన మాత్రమే. కమాండ్ చివర మైనస్ ఎల్ఎమ్ పెడితేనే అసలు కోడ్ దొరుకుతుంది.

మెసేజ్‌లు దారి తప్పిస్తాయి కదా అనవచ్చు. నిజమే. మధ్యలో ఒక బ్రాకెట్ మూయకపోతే కంపైలర్ ఫైలు చివరి లైన్ చూపిస్తుంది, తప్పు ఎంతో పైన ఉంటుంది. ప్రోగ్రామ్‌కు టెస్ట్ అని పేరు పెట్టి అలాగే కొడితే అసలు మెసేజే రాదు, షెల్ తన సొంత టెస్ట్‌ను నడిపి ఊరుకుంటుంది. అయినా ఏ దశలో ఉన్నామో తెలిసినవాళ్లకే ఇలాంటి అనుమానాలు వస్తాయి. మెసేజ్‌ను ఏఐకి అతికిస్తే క్షణంలో జవాబు వస్తుంది కదా అనేవాళ్లూ ఉన్నారు. వస్తుంది, వాడుకోవచ్చు కూడా. కానీ నలభై ఎర్రర్లలో మొదటిదాన్ని వదిలి చివరిదాన్ని అతికిస్తే, జవాబు కూడా చివరిదానికే వస్తుంది. మొదటిది దిద్దితే మిగతావి చాలావరకు వాటంతటవే పోతాయి.

ల్యాబ్‌లో సీ చెప్పేవారికి ఒక విన్నపం. సరైన ప్రోగ్రామ్‌లతో పాటు కావాలని చెడగొట్టినవీ ఇవ్వండి. ఏ దశలో ఆగిందో, ఎలా తెలిసిందో రాయమనండి. దానికీ మార్కులు వేయండి.