వీధి నాదస్వరం, పెట్టెలో నాదస్వరం

శ్రీకాళహస్తిలో ఒక భక్తిపాట తయారవుతుంటే రెండు నాదస్వరం ట్రాకులు పక్కపక్కన పెట్టి విన్నాను. రెండూ మోహన రాగమే. ఒకటి శివరాత్రి ఊరేగింపులో, మాడ వీధిలో నడుస్తూ వాయిస్తున్న విద్వాంసుడి దగ్గర చేతి రికార్డర్‌తో పట్టింది. రెండోది గదిలో కూర్చుని కీబోర్డు మీద వాయించి, కంప్యూటర్‌లోని శాంపిల్ వాయిద్యంతో పలికించింది. మిక్సింగ్ చేసే కుర్రాడు అడిగాడు: "న్నా, రెండిట్లోనూ సుయ్యిమంటా ఉంది. నాయిస్ రిడక్షన్ ఏసేద్దామా?"

వీధి ట్రాకుకు వెయ్యి, కంప్యూటర్ ట్రాకుకు వద్దు అన్నాను. వాడికి వింతగా తోచింది. శుభ్రంగా ఉండాల్సింది కంప్యూటర్ వాయిద్యమే కదా అని వాడి లెక్క.

వీధి ట్రాకులో రొద చాలా ఎక్కువ. అందులో పెద్ద వాటా జనరేటర్‌ది. ఆ మోత మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరున సాగింది. నాయిస్ రిడక్షన్‌కు కావలసింది సరిగ్గా అదే. వాయిద్యం మోగని ఒకటి రెండు సెకన్ల రొదను నమూనాగా చూపిస్తే, ఏ పౌనఃపున్యంలో అది ఎంత ఉందో లెక్కగట్టి ట్రాకు మొత్తంలో ఆ మేరకు తగ్గిస్తుంది. ఆరు డెసిబెళ్ల దగ్గర ఆపేశాం. ఇంకాస్త లాగి చూస్తే స్వరం తగ్గే చోట నీళ్లలో గులకరాళ్లు దొర్లినట్టు గలగలలు మొదలయ్యాయి.

రెండో ట్రాకుకు మైకు లేదు, వీధి లేదు. ఫైలు కంప్యూటర్ లోపలే తయారైంది. మరి సుయ్యిమనేది ఎక్కడిది? శాంపిళ్లలోదే. ఎక్కడో ఒక స్టూడియోలో ఒక్కో స్వరాన్నీ విడిగా రికార్డు చేసినప్పుడు దానితోపాటే వచ్చి చేరింది. కాబట్టి స్వరంతో పుట్టి స్వరంతోనే ఆగిపోతుంది. శాంపిల్ శ్రుతి పెంచితే రొద శ్రుతీ పెరుగుతుంది. మెల్లగా నొక్కితే ఒక శాంపిల్, గట్టిగా నొక్కితే మరొకటి పలుకుతాయి, రొదా వాటితోపాటే మారుతుంది. అదే పాటలో వెనక వినిపించే వయొలిన్ల గుంపూ సాఫ్ట్‌వేర్‌దే. అక్కడ పది స్వరాలు ఒకేసారి మోగితే పది రొదలూ కలిసి సుమారు పది డెసిబెళ్లు పెరుగుతుంది. ఇక నమూనా ఎక్కడ తీసుకుంటాం? స్వరం లేని చోట పూర్తి నిశ్శబ్దం. రొద ఉన్న ప్రతిచోటా స్వరం ఉంది.

పైగా ఆ సుయ్యిమనేదంతా రొద కాదు. పీక మీద పెదవి బిగిసే చప్పుడు, గాలి సన్నగా జారే చప్పుడు అందులో ఉన్నాయి. కుర్రాడి తృప్తి కోసం ఒకసారి తీసి చూపించాం. మిగిలింది అటు హార్మోనియమూ కాదు, ఇటు నాదస్వరమూ కాదు. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి 78 ఆర్‌పీఎం రికార్డులు వినేవాళ్లకు ఈ చిక్కు తెలుసు. ముల్లు గీసుకునే రొదా, కమాను తీగ మీద రాసుకునే చప్పుడూ పైస్థాయిలో ఒకే చోట కలిసి ఉంటాయి. ఒకదాన్ని గట్టిగా తుడిస్తే రెండోదీ పోతుంది. 1963లో ఇంగ్లండ్‌లో వచ్చిన మెలోట్రాన్ అనే కీబోర్డు వాయిద్యంలో ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క నడిచేది. దాని సాఫ్ట్‌వేర్ నకళ్లు చేసినవాళ్లలో కొందరు ఆ టేపు సుయ్యిని కావాలనే ఉంచారు.

ఈ ఊళ్లో తేడా చెప్పడానికి కలంకారీ దగ్గరుంది. ఇక్కడివాళ్లు కలంతో గీస్తారు, మచిలీపట్నంలో చెక్క అచ్చుతో వేస్తారు. శాంపిల్ వాయిద్యం అచ్చుపని. అచ్చుపనినీ నేను గౌరవిస్తాను. కానీ ప్రతి అద్దకమూ ఒకేలా పడుతున్నప్పుడు చేతిపని జాడ మిగిలేది ఆ చిన్న చప్పుళ్లలోనే. గాలి చొరబడని గర్భగుడిలోనూ రెపరెపలాడే దీపాన్ని చూసి అక్కడి లింగం వాయులింగమని నమ్మే ఊరిది. ఇక్కడి పాటలో ఊదే వాయిద్యానికి ఊపిరి తీసేయడం నాకు మనసొప్పలేదు.

ఇంకో కారణం, నా దృష్టిలో అసలు కారణం: ఆ రాత్రి వీధి మళ్లీ దొరకదు. కీబోర్డు మీద వాయించింది మిడి రూపంలో, అంటే ఏ మెట్టు ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కామన్న నమోదుగా, అలాగే ఉంది, ఎన్నిసార్లైనా మళ్లీ పలికించవచ్చు. అలాంటప్పుడు తయారైన ధ్వనిని తోమడం దేనికి? వాయిద్యం తెరిచి, రొద ఎక్కువున్న స్వరాల దగ్గరికే వెళ్లాలి. చాలా శాంపిల్ వాయిద్యాల్లో ఊపిరికీ, మెట్టు వదిలే చప్పుడుకీ వేరే మీటలుంటాయి. కీబోర్డు హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి తీగ లాగి రికార్డు చేసినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు వినిపించే 50 హెర్ట్జ్ గుంయి వాయిద్యానిది కాదు, కరెంటుది. ఆ తీగ పీకేసి, కంప్యూటర్ లోపలే మళ్లీ పలికిస్తే చాలు.

మేం పై షడ్జం, రిషభం శాంపిళ్లలో సుయ్యి తగ్గించి, ఊపిరి మీటను సగంలో ఉంచాం. రెండో చరణం ముందు వాద్యాలన్నీ ఆగే చోట మాత్రం వీధి నాదస్వరాన్ని ఒంటరిగా పెట్టాం. అక్కడ విద్వాంసుడు ఒక్కసారి గాలి పీల్చుకుంటాడు, వెనక ఎవరో పిల్లవాడు "హరహర" అని అరుస్తాడు. కుర్రాడు మౌస్ దాకా చేయి పోనిచ్చి, వెనక్కి తీసుకున్నాడు.