పేరు చెబితే దారి వెతికే సిస్టమ్‌లు

ఐబీఎం 1974లో తెచ్చిన ఎస్ఎన్ఏ నెట్‌వర్కులో పెత్తనమంతా మెయిన్‌ఫ్రేమ్‌దే. ఏ టెర్మినల్ ఏ ప్రోగ్రాంతో మాట్లాడాలన్నా అక్కడి వీటామ్ సాఫ్ట్‌వేర్ చేతుల మీదుగానే జరగాలి. పెద్ద బ్యాంకులకు ఆ వివరాలన్నీ రాసిపెట్టే నిపుణులు ఉండేవారు. ఓ మోస్తరు టోకు వ్యాపారికి అంత సిబ్బంది ఎక్కడిది? మిడ్‌రేంజ్ కంప్యూటర్లు ఎక్కువగా చేరింది అలాంటి చోట్లకే. అందుకే 1986లో ఐబీఎం మిడ్‌రేంజ్ యంత్రం సిస్టమ్/36 మీద వచ్చి, 1988 జూన్‌లో ప్రకటించిన ఏఎస్/400లో స్థిరపడ్డ ఏపీపీఎన్, అంటే అడ్వాన్స్‌డ్ పీర్-టు-పీర్ నెట్‌వర్కింగ్, అంత విలువైనదని నేను నమ్ముతాను.

ఇందులో యజమాని అంటూ ఎవరూ లేరు. ప్రతి సిస్టమ్‌కూ ఒక కంట్రోల్ పాయింట్, దానికి ఎనిమిది అక్షరాలకు మించని పేరు ఉంటాయి. నెట్‌వర్క్ నోడ్లు దారి చూపే బాధ్యత తీసుకుంటాయి. ఎండ్ నోడ్లు తమ పని చూసుకుంటూ, అవసరమైనప్పుడు తమకు కుదిరిన నెట్‌వర్క్ నోడ్‌ను అడుగుతాయి.

డిపోలోని ఎండ్ నోడ్‌కు ఫ్యాక్టరీ సిస్టమ్‌లోని స్టాకు ఫైలు కావాలనుకుందాం. ఆ సిస్టమ్ ఎక్కడుందో డిపోకు తెలియదు, తెలియనక్కర్లేదు. పేరు చెబితే చాలు. నెట్‌వర్క్ నోడ్ తన డైరెక్టరీ చూస్తుంది. అందులో లేకపోతే పక్క నెట్‌వర్క్ నోడ్లను వాకబు చేస్తుంది, అవి తమ పక్కవాటిని అడుగుతాయి. దొరికిన ఆచూకీని రాసి ఉంచుకుంటుంది కాబట్టి మరోసారి ఊరంతా తిరగనక్కర్లేదు. ఇక దారి సంగతి. నెట్‌వర్క్ నోడ్లనూ వాటి మధ్య లైన్లనూ చూపే పటం నకలు ప్రతి నెట్‌వర్క్ నోడ్ దగ్గరా ఉంటుంది. లైన్ పడిపోయినా, కొత్తది కలిసినా ఆ కబురు అన్నిటికీ చేరుతుంది.

ఆ పటంలో ఏ దారి మంచిదో తేల్చేది క్లాస్ ఆఫ్ సర్వీస్. ఈ ఏర్పాటంతటిలో నాకు బాగా నచ్చేది ఇదే. స్క్రీన్ ముందు మనిషి కూర్చుని ఎదురుచూసే పనికి #ఇంటర్: ఆలస్యం తక్కువగా ఉండే దారి, ముందు వరస. రాత్రి పంపే పెద్ద ఫైళ్లకు #బ్యాచ్: డేటా ఎక్కువ పట్టే దారి, వెనక వరస. దూరపు లైన్లు నత్తనడకన సాగే రోజుల్లో, బిల్లు కోసం కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఈ తేడా తెలిసొచ్చేది.

ఆపరేటర్‌కు మిగిలే పని చూడండి. అవతలి సిస్టమ్‌ను వర్ణించే కంట్రోలర్ డిస్క్రిప్షన్ తయారుచేసేటప్పుడు ఏపీపీఎన్ గడిలో *యెస్ అని, అవతలి కంట్రోల్ పాయింట్ పేరు ఇస్తే, డివైస్ డిస్క్రిప్షన్లు సిస్టమే తయారుచేసుకుంటుంది. స్టార్ట్ పాస్‌త్రూ కమాండ్ కొడితే అవతలి సిస్టమ్ సైన్-ఆన్ స్క్రీన్ ఇక్కడే వస్తుంది. డీడీఎం ఫైలు, అంటే అవతలి సిస్టమ్‌లోని ఫైలును చూపే ఫైలు, పెడితే, ఆర్‌పీజీ ప్రోగ్రాం ఒక్క లైను మార్చకుండానే అక్కడి రికార్డులు చదువుకుంటుంది.

తొలి ఏపీపీఎన్‌కు పెద్ద లోటు ఒకటుంది. సెషన్, అంటే రెండు చివరల మధ్య సంభాషణ, మొదలయ్యాక దారి మారదు, మధ్యలో లైన్ పోతే సెషనూ పోతుంది. 1990లలో వచ్చిన హెచ్‌పీఆర్, అంటే హై పెర్ఫార్మెన్స్ రౌటింగ్, దీన్ని సరిదిద్దింది. మధ్య నోడ్ల మీద సెషన్ల భారం తీసేసి, తప్పులు సరిచూసే పని రెండు చివరలకూ అప్పగించింది. దాంతో సెషన్ తెగకుండానే వేరే దారి పట్టగలిగింది.

ఈలోగా టీసీపీ/ఐపీ అంతటా పరుచుకుంది. పాత అప్లికేషన్లను తిరగరాయకుండా దాని మీద నడిపేందుకు ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్ వచ్చింది. అది హెచ్‌పీఆర్ ప్యాకెట్లను యూడీపీలో పెట్టి పంపుతుంది. ముందు వరస, వెనక వరస తేడా అక్కడా పోలేదు. 12001 నుంచి 12004 దాకా ఒక్కో ప్రాధాన్యానికీ ఒక్కో పోర్టు కేటాయించారు.