అహల్యను రాయి చేసిందెవరు?

అంతరార్థాల మీద నాకున్న కక్ష ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. గజేంద్రమోక్షంలో ఏనుగు జీవుడు, మడుగు సంసారం, మొసలి కర్మ అని ఎవరైనా మొదలుపెట్టగానే నేను లేచి కాఫీకి వెళ్లిపోతానని ఉత్తరాల్లో వెక్కిరించేవాళ్లూ ఉన్నారు. ఈ వారం ఒక గుడి మండపంలో ఉపన్యాసం విన్నాను. అహల్య అంటే దున్నని నేలట. రాముడు అడుగుపెట్టగానే పంటభూమి అయిందట. ఒకటే చప్పట్లు. నాకు ఒళ్లు మండింది. ఒక ఆడదాని ఉసురున్న కథను తీసుకెళ్లి పట్టాదారు పాసుపుస్తకంలో ఎక్కించేశారు కదా!

చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో నేను విన్న అహల్య వేరు. హరికథ దాసుగారు చిడతలు చంకలో పెట్టుకుని, ఇంద్రుడిలా కోడికూత కూసేవారు. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. తెల్లారిందనుకుని గౌతముడు ఏటికి బయల్దేరడం, ఇంద్రుడు ఆయన వేషంలో లోపలికి రావడం, శాపం, రాయి, అన్నీ కళ్లకు కట్టేవి. ఒక ఏడు దాసుగారు గొంతు తగ్గించి, "పాపం, ఆ తల్లికి తెలియదు నాయనా" అనగానే ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలమ్మ గట్టిగానే అంది: "మొగుడో కాదో తెలీకుండా ఉంటదా ఏందయ్యా?" ఇంకో ఆవిడ అందుకుంది: "తెలిస్తే మాత్రం? ఆమె రాయైంది. ఆయనకేమో ఒళ్లంతా కళ్లు. అది శాపమా, సోకా?" దాసుగారు చాలా పందిళ్లు చూసినవారు. వెంటనే రామనామం ఎత్తుకున్నారు.

ఆ ముసలమ్మ వాల్మీకిని చదివి ఉండదు. బాలకాండలో ఉన్నది మాత్రం ఆమె అన్నదే. వచ్చింది ఇంద్రుడని అహల్యకు తెలుసు, దేవరాజు మీది కుతూహలంతో ఒప్పుకుంది. అదే రామాయణం ఉత్తరకాండకు వచ్చేసరికి, తెలియక మోసపోయానని మొరపెట్టుకుంటుంది. దాసుగారికీ ఆధారం ఉంది, ముసలమ్మకీ ఉంది.

ఉపన్యాసకుణ్ని ఉతికి ఆరేద్దామని బాలకాండ తీశాక చిక్కొచ్చిపడింది. అందులో రాయే లేదు. అహల్య బూడిదలో పడుకుని, గాలే ఆహారంగా, ఎవరి కంటా పడకుండా తపస్సు చేస్తుంటుంది. రాముడి పాదం సోకడమూ లేదు. రామలక్ష్మణులే ఆవిడ పాదాలు పట్టుకుంటారు. అలా ఏళ్ల తరబడి పడున్న మనిషిలో తర్వాతివాళ్లెవరో రాయిని చూశారు. కాళిదాసు రఘువంశం నాటికే ఆవిడ శిల. అసలు కథ అంటూ నేను కాపలా కాస్తున్న రాయి కూడా ఎవరో తీసిన అంతరార్థమే!

ఈ తగవు పాతదే. వేదంలో ఇంద్రుడు చంపిన వృత్రుడెవడని అడిగి యాస్కుడు నిరుక్తంలో రెండు జవాబులూ పెట్టాడు: మాటల మూలాలు వెతికే నైరుక్తులు మేఘమన్నారు, పాతకథలు చెప్పే ఐతిహాసికులు త్వష్ట కొడుకైన అసురుడన్నారు. కుమారిలభట్టు ఇంద్రుణ్ని సూర్యుడిగా, అహల్యను రాత్రిగా చెప్పి దేవేంద్రుడి మచ్చ తుడిచేశాడు. ఆ సూర్యుడు నేనెరిగిన ఏ పందిట్లోకీ రాలేదు. రాయి వచ్చింది. పొద్దు పొడిస్తే రాత్రి పోయిందంటే ఎవరైనా ఏం అడుగుతారు? రాయి అంటే మాత్రం దానికి వినపడుతుందా, నొప్పి తెలుస్తుందా అని పిల్లలైనా అడుగుతారు. విశ్వనాథ 'రామాయణ కల్పవృక్షం'లో రాముడి మేని గాలి తగిలి రాతికి స్పర్శ వస్తుంది. ఒక్కో ఇంద్రియమే మేలుకుంటుంది. ఓల్గా 'విముక్త'లో అహల్య సీతతో మాట్లాడుతుంది. ఈ ఇద్దరు రచయితలకూ ఎక్కడా పొత్తు కుదరదు, కానీ ఇద్దరి దగ్గరా అహల్య మనిషే.

మరి దున్నని నేలో? అందులో అడగడానికి ఎవరూ లేరనే ఇంతసేపూ నా కోపం. కానీ ఆ మండపంలో మా ముసలమ్మ ఉండి ఉంటే ఊరుకునేది కాదు. దున్నడానికి దిగింది ఎవడో నేలకు తెలీదా అనేది.